దీర్ఘకాల చర్మతాపములకు సూక్ష్మజీవులు కారణమా?

తిరుపతిలో నేను వైద్యవృత్తిలో ఉన్న కాలములో చర్మవ్యాధులతో వచ్చిన వారిలో చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే. “ఇదేం పురుగు సార్? దాన్ని చంపేదానికి మాత్రలు రాసీండి.” పుత్తూరు నుంచి వచ్చిన రైతు అయినా, పలమనేరు నుంచి వచ్చిన ఉపాధ్యాయురాలు అయినా మాట ఇదే. ఇప్పుడు పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నా, బంధువులు, ఇరుగుపొరుగు వారు మచ్చల ఫొటోలు ఫోనులో పంపి ఇదే అడుగుతున్నారు.

ఈ ప్రశ్నను నేను తేలికగా తీసివేయను. కాని ఇది అడగవలసిన ప్రశ్నలో సగము మాత్రమే. మిగిలిన సగము ఇది: క్రిమి ఉన్నదనే అనుకుందాము, అది అక్కడ ఏ పని చేస్తున్నది? ఈ రెండవ సగమును రోగులు అడగరు. తొందరలో ఉన్న వైద్యులము మేమూ అడగము. అందువలన ఒకవైపు అవసరము లేని వారు నెలల తరబడి యాంటీబయాటిక్ మందులు మ్రింగుతున్నారు. మరొకవైపు ఆ మందులే తప్పనిసరిగా కావలసిన వారు పైపూత మందులతో కాలము గడిపి, చేతులు, కాళ్ళు పోగొట్టుకుంటున్నారు. ఈ రెండు నష్టములనూ నేను కళ్ళారా చూశాను. ఒక నష్టమునకు నేనే కారకుడనయ్యాను. ఆ సంగతి కూడా ఈ వ్యాసములో చెబుతాను.

తాపము అంటే ఏమిటి?

దెబ్బ తగిలినా, చర్మము కాలినా, క్రిమి చొరబడినా శరీరము ఆ చోటికి రక్తమును, తెల్లకణములను ఎక్కువగా పంపుతుంది. అప్పుడు అక్కడ ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలుగుతాయి. చర్మములో అయితే దురద కూడా తోడవుతుంది. ఈ ప్రక్రియనే తాపము అంటాము. మన పెద్దలు ‘ఒంట్లో వేడి చేసింది’ అనే దానికీ దీనికీ సంబంధము లేదు. తాపము స్వతహాగా శత్రువు కాదు. అది శరీరము చేసుకొనే రక్షణ. పని ముగియగానే అది చల్లారాలి. అలా చల్లారక నెలలు, సంవత్సరములు సాగితే దానిని దీర్ఘకాల తాపము అంటాము. సోరియాసిస్, ఎక్జీమా ఈ కోవలోనివి.

ఈ తాపమునకూ బాక్టీరియా అనే సూక్ష్మజీవులకూ గల సంబంధము అన్ని వ్యాధులలో ఒకే విధముగా ఉండదు. ఇంటిలోని కట్టెల పొయ్యిని తలచుకుంటే ఇది సులభముగా బోధపడుతుంది. కొన్ని వ్యాధులలో క్రిమి పొయ్యిలోని కట్టె వంటిది. అది ఉన్నంతకాలము మంట ఉంటుంది. కొన్నిటిలో అగ్గిపుల్ల వంటిది. మంటను రగిలించి, తాను ఆరిపోతుంది. మరికొన్నిటిలో విసనకర్ర వంటిది. మంటను అది పుట్టించదు, పుట్టిన మంటను పెంచుతుంది. ఈ మూడింటికీ చికిత్స ఒకటి కాజాలదు.

కట్టె వంటి క్రిమి

కుష్ఠువ్యాధి దీనికి మొదటి ఉదాహరణ. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అంతవరకూ అది వంశపారంపర్యమనీ, పాపఫలమనీ ప్రపంచమంతా నమ్మింది. మన చిత్తూరు సీమకు ఈ వ్యాధి చరిత్రతో దగ్గరి సంబంధము ఉన్నది. సరిహద్దు దాటగానే వచ్చే వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర కుష్ఠువ్యాధి వలన వంగిపోయిన వ్రేళ్ళను శస్త్రచికిత్సతో సరిచేయుట మొదలుపెట్టాడు. ఆ పక్కనే కరిగిరిలో 1955లో కుష్ఠువ్యాధి పరిశోధన, చికిత్సా కేంద్రము వెలసింది. చిత్తూరు నుంచి ఎందరో అక్కడికి వెళ్ళి చికిత్స పొందారు.

ఇక నా పొరపాటు చెబుతాను. 1980లలో చంద్రగిరి వైపు పల్లె నుంచి ఒక యువకుడు నా వద్దకు వచ్చాడు. ముంజేతి మీద కొంచెము ఎర్రబారిన మచ్చ ఉన్నది. ఎక్జీమా అనుకొని స్టీరాయిడ్ లేపనము వ్రాశాను. మచ్చ కొంత తగ్గింది. మళ్ళీ పెరిగింది. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే వ్రాశాను. సంవత్సరము తరువాత చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు వంగిపోయి వచ్చాడు. ఆ వ్రేళ్ళ సందున బీడీ కాలిన పుండు ఉన్నది. అది ఎప్పుడు కాలిందో తనకు తెలియదన్నాడు. అప్పుడు మోచేతి వెనుక తడిమి చూశాను. నరము త్రాడువలె మందముగా తగిలింది. మొదటిరోజే ఒక దూదిపోగుతో ఆ మచ్చను తాకి, “తెలుస్తున్నదా నాయనా?” అని అడిగి ఉంటే సరిపోయేది. అర నిముషము పని. నేను చేయలేదు.

అతనికి బహుళ ఔషధ చికిత్స ఇప్పించాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన చికిత్స అది. ఇందులో రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్ అనే మందులు ఉంటాయి. నేడు ఇది వ్యాధి తీవ్రతను బట్టి 6 లేక 12 నెలలు ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే శక్తి పోతుంది. అతని ఒంటిలోని క్రిమి చచ్చింది. కాని వ్రేళ్ళు పూర్తిగా తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక విశేషము గమనించండి. కుష్ఠువ్యాధిలో నరములు దెబ్బతినుటకు క్రిమి ఒక్కటే కారణము కాదు. క్రిమిపై శరీరము చూపే తీవ్రమైన తాపము కూడా కారణమే. చికిత్స నడుమ, చికిత్స ముగిసిన తరువాత కూడా మచ్చలు ఒక్కసారిగా ఎర్రబడి ఉబ్బి, నరములు నొప్పి పెట్టవచ్చు. అప్పుడు స్టీరాయిడ్ మాత్రలే నరమును కాపాడుతాయి. అంటే స్టీరాయిడ్ చెడ్డ మందు కాదు. వ్యాధి ఏదో తెలియక, క్రిమిని వదిలివేసి, స్టీరాయిడ్ ఒక్కటే ఇచ్చుట చెడ్డది. నేను చేసింది అదే.

దేశములో కుష్ఠువ్యాధి 2005 డిసెంబరు నాటికి ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినదని ప్రకటించారు. పదివేల మందికి ఒకరికంటే తక్కువ రోగులు అని మాత్రమే దాని అర్థము. వ్యాధి మాయమైనదని కాదు. ప్రపంచములో ఏటా బయటపడే కొత్త రోగులలో సగమునకు పైగా ఇప్పటికీ మన దేశములోనే ఉన్నారు.

చర్మమునకు వచ్చే క్షయ కూడా ఈ తరగతిలోనిదే. ముఖము మీదనో, పిరుదుల మీదనో ఎర్రని పట్టువలె మొదలై సంవత్సరముల తరబడి మెల్లగా ప్రాకుతుంది. నొప్పి లేదు గనుక రోగి పట్టించుకోడు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము శతాబ్దము పైబడినది. మన దేశములో బి.సి.జి. టీకాలు 1948లో మొదలైనది కూడా మదనపల్లెలోనే. అటువంటి గడ్డ మీద ఉన్న మనము, మానని మచ్చను చూసినప్పుడు క్షయను కూడా తలచుకోవాలి. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తే చాలావరకు తేలిపోతుంది. తేలితే నెలల తరబడి క్షయ మందులు వాడాలి. సగములో ఆపరాదు.

అగ్గిపుల్ల వంటి క్రిమి

తిరుమలలో పిల్లవానికి తలనీలాలు ఇచ్చి కొండ దిగిన ఒక తల్లి నేరుగా నా వద్దకు వచ్చింది. గుండు మీద వెండిరంగు పొలుసులతో ఎర్రని మచ్చలు. “కత్తి పడలేదేమో సార్” అని ఆమె భయము. ఇటువంటి తల్లులు నాకు చాలామందే తెలుసు. చాలాసార్లు ఆ మచ్చలు జుట్టు క్రింద ముందు నుంచే ఉంటాయి. క్షౌరముతో బయటపడతాయి. కొన్నిసార్లు సోరియాసిస్ తత్త్వము గలవారిలో చర్మము గీసుకున్న చోట కొత్త మచ్చలు లేస్తాయి. దీనిని కోబ్నర్ లక్షణము అంటారు. రెండింటిలోనూ కత్తి ద్వారా అంటిన క్రిమి ఏదీ లేదు.

ఆ పిల్లవాని చొక్కా విప్పి చూస్తే నడుము మీద, వీపు మీద చినుకులు పడినట్లు చిన్న చిన్న ఎర్రని మచ్చలు కనిపించాయి. “రెండు మూడు వారాల క్రిందట గొంతు నొప్పి, జ్వరము వచ్చాయా అమ్మా?” అని అడిగాను. వచ్చాయన్నది. ఇది బిందు సోరియాసిస్. పిల్లలలో, యువకులలో స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరిన ఒకటి నుంచి మూడు వారముల తరువాత ఇది రావచ్చు.

గొంతులోని క్రిమి చర్మమును ఎలా మండిస్తుంది? ఆ క్రిమి పైపొరలోని ఒక మాంసకృత్తుకూ, మన చర్మములోని కెరటిన్ అనే మాంసకృత్తుకూ కొంత పోలిక ఉన్నది. క్రిమిని పట్టుటకు టాన్సిల్స్ లో తయారైన రక్షణకణములు ఆ పోలికను చూసి మోసపోయి చర్మము మీద పడతాయని పరిశోధకుల అభిప్రాయము. దొంగ వేసుకున్న చొక్కా వంటి చొక్కా వేసుకున్నాడని ఇంటివానినే కొట్టినట్లు అన్నమాట. అప్పుడు నెలకు ఒకసారి మారవలసిన చర్మపు పైపొర నాలుగైదు రోజులకే మారుతూ పొలుసులు కడుతుంది. అందరికీ ఇలా జరగదు. పుట్టుకతో వచ్చిన కొన్ని జన్యువులు ఉన్నవారికే ఎక్కువగా జరుగుతుంది.

మరి గొంతులోని క్రిమిని చంపితే సోరియాసిస్ పోతుందా? గొంతులో క్రిమి ఇంకా ఉన్నట్లు తేలితే దానికి చికిత్స చేయవలసిందే. ఆ క్రిమి గుండె కవాటములను కూడా పాడుచేసే రుమాటిక్ జ్వరమునకు మూలము. సకాలములో పెనిసిలిన్ తో దానిని నివారించవచ్చు. కాని యాంటీబయాటిక్ వలన చర్మపు మచ్చలు త్వరగా పోతాయని గట్టిగా చెప్పగల ఆధారములు లేవు. జరిగిన అధ్యయనములు చిన్నవి. బిందు సోరియాసిస్ చాలామందిలో మూడు నాలుగు నెలలలో దానంతట అదే తగ్గుతుంది. కొందరిలో మాత్రము పెద్దపట్టుల సోరియాసిస్ గా మారి నిలిచిపోతుంది.

ఐస్లాండ్ పరిశోధకులు 2012లో ఒక ఆసక్తికరమైన ఫలితమును ప్రకటించారు. గొంతునొప్పి వచ్చినప్పుడల్లా సోరియాసిస్ పెరిగే 29 మందిని ఎంచుకొని, వారిలో 15 మందికి టాన్సిల్స్ తీసివేశారు. 13 మందికి చెప్పుకోదగినంత మేలు కలిగింది. ఇది చిన్న అధ్యయనము. దీనిని చదివి సోరియాసిస్ ఉన్న వారందరూ టాన్సిల్స్ తీయించుకోరాదు. కాని గొంతుకూ మచ్చలకూ ముడి ఉన్నవారు కొందరు నిజముగానే ఉన్నారని ఇది చెబుతున్నది. అటువంటి వారిని గుర్తించుటకు పరికరములు అక్కరలేదు. “గొంతునొప్పితో పాటు మచ్చలు పెరుగుతాయా?” అని అడిగితే చాలు.

విసనకర్ర వంటి క్రిమి

పసిపిల్లల మోకాళ్ళ వెనుక, మోచేతుల మడతలలో దురదతో వచ్చే ఎక్జీమాలో స్టెఫిలోకోకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. పరీక్షించిన మచ్చలలో సుమారు 70 శాతము వాటిలో అది కనిపించింది. ఇంత తరచుగా కనిపిస్తే అదే కారణము అనిపించుట సహజము. అయితే క్రమము వేరు. ముందు చర్మపు గోడ బలహీనమవుతుంది, తేమ నిలవదు, తాపము పుడుతుంది. ఆ పగుళ్ళలో క్రిమి చేరి, తన విషపదార్థములతో తాపమును పెంచుతుంది. క్రిమిని ముట్టుకోకుండా తాపమును చల్లార్చినా క్రిమి సంఖ్య తగ్గిపోతుంది. మంట ఆరితే విసనకర్రకు పని ఉండదు కదా.

బ్రిటన్ లో 113 మంది పిల్లలపై జరిపిన ఒక పరీక్షలో, కొద్దిగా చీము పట్టిన ఎక్జీమాకు యాంటీబయాటిక్ కలుపుట వలన అదనపు ప్రయోజనము కనపడలేదు. పసుపురంగు పొక్కు కట్టి, రసి కారి, జ్వరము ఉన్నప్పుడు యాంటీబయాటిక్ కావాలి. మిగిలిన రోజులలో కావలసినది స్నానము చేసిన వెంటనే తడి ఆరకముందే కొబ్బరినూనెనో, వాజలీన్ నో పట్టించుట, ఘాటైన సబ్బులు మానుట, వైద్యుడు చెప్పిన లేపనమును చెప్పినన్ని రోజులు వాడుట. తిరుపతి ఎండలలో చెమట కూడా దురదను పెంచుతుంది. వదులైన నూలుబట్టలు మేలు చేస్తాయి.

మందు పనిచేస్తే క్రిమి ఉన్నట్లేనా?

“యాంటీబయాటిక్ వేసుకుంటే తగ్గింది సార్, కాబట్టి అది క్రిమే” అని చాలామంది వాదిస్తారు. చదువుకున్న వారు మరింత గట్టిగా వాదిస్తారు. ఈ వాదనలో ఒక లోపము ఉన్నది. కొన్ని యాంటీబయాటిక్ మందులకు రెండు చేతులు ఉన్నాయి. ఒక చేత్తో క్రిమిని చంపుతాయి, రెండవ చేత్తో తాపమును అణచుతాయి. కుష్ఠువ్యాధికి వాడే డాప్సోన్, గోధుమలోని గ్లూటెన్ పడక కొందరికి వచ్చే పొక్కుల వ్యాధిని కూడా తగ్గిస్తుంది. ఆ పొక్కులలో చంపవలసిన క్రిమి లేదు. ముఖము ఎర్రబారే రొజేషియా వ్యాధిలో రోజుకు 40 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. అంత తక్కువ మోతాదు క్రిములను చంపలేదు.

ఈ సందర్భములో మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాలి. భీమవరములో 1895లో జన్మించిన ఆయన అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలములో, 1940లలో, రెండు గొప్ప మందులు వెలువడ్డాయి. ఒకటి ఆరియోమైసిన్. డాక్సీసైక్లిన్ కుటుంబములో మొదటి యాంటీబయాటిక్ అది. రెండవది నేటి మెథోట్రెక్సేట్ కు దారితీసిన కాన్సర్ మందు. 1951లో ఆ రెండవ తరగతి మందుతో సోరియాసిస్ మచ్చలు తగ్గుటను గమనించారు. మెథోట్రెక్సేట్ నేటికీ తీవ్రమైన సోరియాసిస్ కు వాడుతున్నాము. క్రిమిని చంపే మందూ, తాపమును అణచే మందూ ఒకే తెలుగువాని పర్యవేక్షణలో పుట్టాయి. ఏది ఎవరికి అనే వివేకము మాత్రము వైద్యునిది. మెథోట్రెక్సేట్ సోరియాసిస్ కు వారమునకు ఒకసారి మాత్రమే తీసుకొనే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయము. ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఇది గుర్తుంచుకోండి.

అయితే తలుపు పూర్తిగా మూసివేయుట కూడా తగదు. కడుపులో పుండ్లు దిగులు వలన, కారము వలన వస్తాయని నా విద్యార్థి దశలో పాఠము చెప్పారు. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ ఆ పుండ్ల దగ్గర ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ క్రిమిని తానే త్రాగి చూపాడు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. రేపు ఏదో ఒక చర్మతాపమునకు మనకు తెలియని క్రిమి బయటపడవచ్చు. పరిశోధకులు వెదకాలి. కాని వెదకుట వేరు, దొరకకముందే రోగికి మందు పోయుట వేరు.

మన ఊళ్ళలో జరుగుతున్నది

మందుల దుకాణములో “దురదకు ఏదైనా ఇవ్వండి” అంటే ఇచ్చే గొట్టములో తరచుగా మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి. ఒక స్టీరాయిడ్, ఒక యాంటీబయాటిక్, తామరను చంపే ఒక మందు. దురద రెండు రోజులలో తగ్గుతుంది. తామర అయితే రూపు మార్చుకొని లోలోపల ప్రాకుతుంది. కుష్ఠు అయితే మచ్చ వెలిసి, నరము పాడవుతూనే ఉంటుంది. చర్మము పలుచబడుతుంది. క్రిములు మందులకు లొంగని మొండివవుతాయి. స్టీరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము కట్టడి చేసింది. యాంటీబయాటిక్ అట్టల మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది. వైద్యుని సలహా లేకుండా వాడరాదని దాని అర్థము. ఆ గీతను ఎంతమంది చూస్తున్నారు?

చర్మరోగమునకు సర్పదోషము కారణమని శ్రీకాళహస్తిలో పూజ చేయించుకొనేవారు మన ప్రాంతములో ఉన్నారు. పూజ చేయించుకోవద్దని నేను ఎన్నడూ చెప్పలేదు. పూజకు ముందో వెనుకో వైద్యునికి మచ్చను చూపించమని మాత్రము అడిగాను. దోషము పోయే వరకు ఆగుదామని ఆగినవారిలో నరము ఆగలేదు.

నేను కోరేది

వైద్యమిత్రులారా, మూడు నెలలు దాటిన ఏ మచ్చనైనా దూదితో ఒకసారి తాకి చూడండి. పిల్లలలో చినుకుల వంటి మచ్చలు కనిపిస్తే గొంతు చూడండి. యాంటీబయాటిక్ వ్రాసినప్పుడు దేనికి, ఎన్ని రోజులకు అని రోగికి చెప్పండి. చెప్పలేకపోతే వ్రాయవద్దు. కారణము తేలనప్పుడు రుయా వంటి పెద్దాసుపత్రి చర్మవైద్య విభాగమునకు పంపుట చిన్నతనము కాదు.

పాఠకులారా, మీరు చేయవలసినది ఇంకా తక్కువ. ఒంటి మీద రంగు మారిన మచ్చ ఉంటే కళ్ళు మూసుకొని, ఇంట్లో వారిని దానిపై దూదితో తాకమనండి. ఆ చోట స్పర్శ తెలియకపోతే ఆ వారములోనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. స్పర్శ తెలిసినంత మాత్రాన కుష్ఠు కాదని మీరే తేల్చుకోవద్దు. మానని మచ్చను ఎలాగూ వైద్యునికి చూపాలి. సోరియాసిస్, ఎక్జీమా అంటువ్యాధులు కావు. ఆ రోగుల కంచము, పడక వేరు చేయవద్దు. “దీనికి క్రిమి ఏదైనా కారణమా?” అని వైద్యుని తప్పక అడగండి. ఆయన అవునంటే, “అది చేస్తున్న పని ఏమిటి?” అని రెండవ ప్రశ్న కూడా అడగండి. ఆ ప్రశ్నకు విసుగుకొనే వైద్యుడు ఉంటే, అది ఆయన లోపము, మీది కాదు.

చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఆ యువకుడు కరిగిరిలో శస్త్రచికిత్స చేయించుకున్నాడు. వ్రేళ్ళు కొంతవరకు సాగాయి. తరువాత చాలాకాలము తిరుపతి వచ్చినప్పుడల్లా నా దగ్గరకు వచ్చి పలకరించి వెళ్ళేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. రెండు చేతులూ జోడించి నమస్కారము పెట్టేవాడు. ఆ కుడిచేతి చివరి రెండు వ్రేళ్ళు ఎడమచేతి వ్రేళ్ళను ఎన్నడూ సరిగా కలవలేదు.